దేవుడి కుండ, ఇంటి కుండ

శ్రీ గురుభ్యో నమః



మన ఆలయ జీర్ణోద్ధరణ పూర్తయి, మహాకుంభాభిషేకం జరుపుకొంటున్న ఈ శుభసందర్భంలో వెలువడుతున్న ప్రత్యేక సంచికకు ఆలయ చరిత్ర వ్రాయవలసిందిగా కమిటీవారు నన్ను ఆదేశించారు. మన ఆలయానికి శిలాశాసనం లేదు, తాళపత్రమూ లేదు. నాకు తెలిసినదంతా మా ఇంటి వసారాలో తాతగారి వద్ద, వంటింటి గడపలో బాపమ్మ వద్ద విన్నదే. అందుచేత ఆలయ చరిత్ర చెప్పబోతే ఆ ఇద్దరి కథ చెప్పక తప్పడం లేదు. ఇందులో స్వోత్కర్ష ఏమైనా తోస్తే పెద్దలు మన్నింతురు గాక.

మూడు తరాల లెక్క

అమావాస్యనాడు తర్పణం విడిచేటప్పుడు మేము మూడు తరాల పేర్లు చెప్పుకొంటాము. తండ్రిని వసురూపునిగా, తాతను రుద్రరూపునిగా, ముత్తాతను ఆదిత్యరూపునిగా భావించి తిలోదకాలు విడుస్తాము. అదేవిధంగా తల్లి, తండ్రికి తల్లి, తాతకు తల్లి. నాలుగవ తరం పేరు ఆ వరుసలో ఉండదు. నేను నేడు రుద్రరూపునిగా తలచుకొనే మా తాతగారి పేరు, నా అనంతరం మా అబ్బాయి నోట ఆదిత్యరూపునిగా పలుకుతుంది. నా మనుమడి కాలం వచ్చేసరికి ఆ పేరు వరుసలోనుండి తొలగిపోతుంది. ఇది శాస్త్రంలోని లోపం కాదు. మనిషి జ్ఞాపకానికి ఎంత బరువు మోయగల శక్తి ఉన్నదో ఎరిగి ఋషులు పెట్టిన హద్దు. కాని మంత్రం వదిలినదాన్ని ఇల్లు పట్టి ఉంచుకోవాలి. ఇల్లు కూడా వదిలితే ఇక పట్టేవారు లేరు.

అర్చనకు వచ్చిన యువతీయువకులను గోత్రనామాలు అడిగితే చాలామంది క్షణకాలం తడబడతారు. కొందరు అక్కడికక్కడే ఊరిలోని తల్లికి ఫోను చేసి అడిగి చెప్తారు. గోత్రం తెలియనివారికి కాశ్యపగోత్రం చెప్పే ఆచారం ఉన్నది కనుక సంకల్పానికి ఆటంకం రాదు. కాని తాతగారి పేరు తెలియనివారికి ఏ పేరు చెప్పగలం? వారిని ఆక్షేపించడానికి ఈ మాట అనడం లేదు. నా మటుకు నేను కూడా మా తాతగారిని అర్థం చేసుకొనడానికి చాలా ఆలస్యం చేసినవాడనే. ఆ సంగతి ముందు మనవి చేస్తాను.

పంచాంగపు అంచులు

మా తాతగారు విలంబినామ సంవత్సరంలో, అనగా 1898లో జన్మించారు. ఆనందనామ సంవత్సరంలో, 1974లో స్వామిసన్నిధి చేరారు. ఆయన బాల్యంలో హైదరాబాదు నగరం చుట్టూ ఉన్న ప్రాంతాన్ని అత్రాఫ్ బల్దా జిల్లా అని పిలిచేవారు. అందులో అధికభాగం నిజాం ప్రభువు సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫెఖాస్ భూములు. మధ్యమధ్య పాయిగాలు, జాగీరులు. కచేరీ కాగితాలన్నీ ఉర్దూలో ఉండేవి. సంవత్సరం ఫస్లీ లెక్కలో ఉండేది. దానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తుశకం వస్తుంది. తాతగారు తైత్తిరీయశాఖను గురుముఖతః అధ్యయనం చేసినవారైనా, ఊరివారి కాగితాలు చదివి పెట్టడానికి ఉర్దూ లిపి కూడా నేర్చుకొన్నారు.

ఆయన దినచర్య తెల్లవారుజామున బావి వద్ద మొదలయ్యేది. స్నానం చేసి తడిబట్టతో బిందె భుజాన పెట్టుకొని ఆలయానికి నడిచేవారు. సుప్రభాతం, అభిషేకం, అర్చన, నివేదన పూర్తయ్యాక మాకు సంత చెప్పేవారు. ఆయన ఒకసారి చెప్తే మేము రెండుసార్లు చెప్పాలి. స్వరం తప్పితే కోపగించుకొనేవారు కాదు. మళ్ళీ మొదటినుండి చెప్పేవారు. ఆ మళ్ళీ చెప్పడమే మాకు పెద్ద శిక్ష.

ఆయనకు దినచర్య పుస్తకం వ్రాసే అలవాటు లేదు. ఏటేటా ఉగాదికి నగరంనుండి తెచ్చుకొన్న పంచాంగం అంచులలో, తిథివారాల పక్కన మిగిలిన జాగాలో, సన్నని కలంతో ఒకటి రెండు మాటలు వ్రాసేవారు. చెరువు నిండిన రోజు, ఆవు ఈనిన రోజు, ఊరిలో ఎవరైనా గతించిన రోజు. ఏడాది గడిచాక ఆ పంచాంగాన్ని గుడ్డలో చుట్టి రేకుపెట్టెలో పెట్టేవారు. ఆ పెట్టె నేటికీ మా ఇంట ఉన్నది. మా వంశచరిత్ర అంతా ఆ అంచులలోనే ఉన్నది.

సర్వధారినామ సంవత్సరం, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ రోజులలో ఎన్ని భయాలు, ఎన్ని వదంతులు ఉండెనో పెద్దలు ఎరుగుదురు. తాతగారి పంచాంగం అంచున మాత్రం రెండే వాక్యాలు ఉన్నాయి: "రాజ్యము మారెను. నిత్యనైవేద్యము జరిగెను."

బాపమ్మ లెక్క

తాతగారికి సంవత్సరాల పేర్లు కంఠస్థం. బాపమ్మకు సంఘటనలే సంవత్సరాలు. "మూసీ పొంగిన ఏడు నాకు అయిదేండ్లు" అనేది. ప్రభవాది అరవై పేర్లు చక్రంవలె తిరుగుతూ ఉంటాయి. ఉత్త కీలక అంటే 1848 కావచ్చు, 1908 కావచ్చు. మూసీ వరద అన్న మాట పక్కన చేరినప్పుడే అది 1908 అవుతుంది. తాతగారి లెక్కకు బాపమ్మ లెక్క తోడైతేనే చరిత్ర నిలబడుతుందని నాకు అలా తెలిసింది.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. ఆ వరద తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, ఆయన సూచనల ననుసరించి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను నిర్మించారు. బాపమ్మ పుట్టినిల్లు నది ఒడ్డున ఉండేది. ఆ రాత్రి కొట్టుకొనిపోయింది. తండ్రి భుజాలమీద ఎక్కి మిద్దెపై తెల్లవారేదాకా కూర్చున్నదట. తరువాత కొన్ని రోజులు బాధితుల కోసం తెరిచిన వంటశాలలోనే వారందరి భోజనం. "ఎవరు వండిన్రో, ఎవరి బియ్యమో తెల్వదు బిడ్డా. ఆకలైనోళ్ళకు ముందు పెట్టిన్రు, అంతే తెలుసు" అని చెప్పేది. ఈ మాట ఆమె జీవితకాలమంతా ఆమె వంటింట్లో వినిపించింది.

కాళయుక్తినామ సంవత్సరంలో, 1918లో, దేశమంతటా ప్రబలిన విషజ్వరం మా ఇంటికి కూడా వచ్చింది. అప్పటికి బాపమ్మకు పదిహేనేండ్లు. తొలికాన్పు శిశువు, బాలసారె కాకముందే పోయింది. ఆ ఏటి పంచాంగం అంచున తాతగారు ఒక్కటే మాట వ్రాశారు: "ఆడశిశువు." పేరు లేదు కనుక తర్పణంలో చోటు లేదు. ఆ అంచున తప్ప ఆ పసికందు ఈ లోకానికి వచ్చినట్లు మరెక్కడా ఆనవాలు లేదు. బాపమ్మ ఆ సంగతి నాతో ఒక్కసారి కూడా అనలేదు. ఆమె గతించిన తరువాత పెట్టె తెరిచినప్పుడే నాకు తెలిసింది. ప్రతి ధనుర్మాసంలో తెల్లవారి పొంగలి పంచేటప్పుడు వచ్చిన పిల్లలలో చిన్న ఆడపిల్లలకు ముందుగా ఎందుకు పెట్టేదో ఆ రోజు బోధపడింది.

పరీధావి కరువు

మా వంటింట్లో రెండు కుండలు ఉండేవి. తూర్పుగోడ పక్కన దేవుడి కుండ, పొయ్యి పక్కన ఇంటి కుండ. స్వామివారి మాన్యం పండిన బియ్యం, భక్తులు సమర్పించిన బియ్యం దేవుడి కుండలోకి వెళ్ళేవి. తాతగారు పౌరోహిత్యంలో సంపాదించినవి, ఊరివారు ఆయనకని ఇచ్చినవి ఇంటి కుండలోకి. దేవుడి కుండకు వేరే సోల, వేరే మూత. ఒకదాని సోల రెండవదానిలో ముంచడానికి వీలులేదు. ప్రతి ఉదయం దేవుడి కుండలోనుండి రెండు సోలల బియ్యం తీసి, మడితో వండి, నివేదనకు పంపేది. వచ్చిన ప్రసాదం గుడి ముంగిట ఉన్నవారికి పంచిన తరువాత మిగిలితే మాకు.

పరీధావినామ సంవత్సరంలో, 1972లో, తెలంగాణమంతటా వానలు పడలేదు. మన చెరువులు నెర్రెలు విచ్చాయి. ఇంటి కుండ అడుగంటింది. జొన్న గటకతో పూట గడిచేది. కొన్ని రోజులు అదీ ఒక్కపూటే. దేవుడి కుండలో మాత్రం ఇంకా బియ్యం ఉన్నాయి. నాకు పన్నెండేండ్లు. మా చెల్లెలు ఆకలితో ఏడుస్తున్నది. ఎవరూ చూడడం లేదనుకొని దేవుడి కుండ మూత తీసి చేయి పెట్టాను. వెనుకనుండి బాపమ్మ నా మణికట్టు పట్టుకొన్నది. కోపం లేదు, కళ్ళలో నీళ్ళున్నాయి.

"వద్దు బిడ్డా. ఇప్పుడు తీస్తే దొంగతనమైతది. గంటసేపు ఆగితే ప్రసాదమైతది. బియ్యం అవే" అన్నది.

ఆ గంట నాకు ఇప్పటికీ గుర్తున్నది. నివేదన జరిగింది. గుడి ముంగిట బావి పూడిక తీసే కూలీలు, వారి పిల్లలు కూర్చొని ఉన్నారు. వారికి పెట్టిన తరువాత గిన్నె అడుగున మిగిలిన ముద్దను మా చెల్లెలికి పెట్టింది. తాను మంచినీళ్ళు త్రాగి పడుకొన్నది. వేదంలో నేను చదివిన దానధర్మాల వివరణలన్నీ ఆ రోజు చూచినదానికి వ్యాఖ్యానాలుగానే నాకు తోస్తాయి.

జయనామ సంవత్సరపు పహాణీ

బాపమ్మ కుండ విషయంలో పాటించిన నియమాన్నే తాతగారు భూమి విషయంలో పాటించారు. మన స్వామివారికి చెరువు కింద కొంత తరి, మిట్టన కొంత ఖుష్కి మాన్యంగా ఉండేవి. తరతరాలుగా మావారే దున్నించి, వచ్చిన పంటతో నిత్యనైవేద్య దీపారాధనలు జరిపేవారు. ఊరివారు దానిని వాడుకలో "పంతులుగారి పొలం" అనేవారు. 1949లో జాగీరులు రద్దయ్యాయి. అనంతరం 1954–55లో తెలంగాణ గ్రామాలన్నిటా ఏ సర్వేనంబరు ఎవరిది, ఎవరి స్వాధీనంలో ఉన్నదన్న వివరాలతో ఖాస్రా పహాణీ తయారు చేశారు. తరువాతి భూవివాదాలన్నిటిలో నేటికీ అందరూ మొదట వెతికేది ఆ పహాణీనే.

వ్రాసేవారు మా వసారాలోకి వచ్చి కూర్చున్నారట. వారు తాతగారి మేలు కోరినవారే. "పంతులుగారూ, దున్నేది మీరు, తినేది మీరు. మీ పేర వ్రాసుకొంటే పిల్లలకు ఆధారమౌతుంది. అడ్డు చెప్పేవారు ఎవరూ లేరు" అన్నారట. తాతగారికి అప్పటికి నలుగురు పిల్లలు. చేతిలో వేరే సెంటు భూమి లేదు. ఆయన ఇచ్చిన జవాబును మా తండ్రిగారు చాలాసార్లు చెప్పేవారు: "స్వామి పసిబిడ్డ వంటివాడు. తన ఆస్తి తాను చూచుకోలేడు గనుక నన్ను పెట్టుకొన్నాడు. పసిబిడ్డ ఆస్తిని కాపరి తన పేర వ్రాయించుకొంటాడా?"

తాతగారు న్యాయశాస్త్రం చదువలేదు. కాని మన న్యాయస్థానాలు కూడా దేవతామూర్తిని ఆస్తి కలిగియుండగల వ్యక్తిగానూ, ఎన్నటికీ మైనరుగానూ పరిగణిస్తాయి. ఆ మరుసటి కాలంలో, 1955లో అమలులోకి వచ్చిన హైదరాబాదు ఇనాముల రద్దు చట్టం ధార్మికసంస్థల ఇనాములను తన పరిధినుండి మినహాయించింది. అనగా ఆనాడు కాగితంమీద ఎవరి పేరు ఉన్నదన్నదే భూమి రాతను నిర్ణయించింది. ఆ ఏటి పంచాంగం అంచున తాతగారి అక్షరాలు: "స్వామివారి పేర వ్రాయించితిని. మనసు తేలికయైనది."

నా తప్పు

ఇక నేను చెప్పుకోవలసిన మాట. 1995లో మన ఊరికి ఇంజనీరింగు కళాశాల వచ్చింది. 1998లో మాదాపురంలో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాయి. ఆ తరువాత నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి, మల్లంపేటల దారులలో జొన్నచేలు ఉన్న చోట అంతస్తులు లేచాయి. గజం లెక్కన భూమి అమ్ముడుపోవడం మొదటిసారి చూచాము. ఆ రోజులలో మా బంధువులు పెళ్ళిళ్ళలో, పేరంటాలలో మా తాతగారి ప్రస్తావన తెచ్చి నవ్వేవారు. "ఆయన కలం ఒక్కసారి ఇటు తిరిగి ఉంటే మీరు నేడు ఎక్కడ ఉండేవారో" అనేవారు.

వారు అనడం పెద్ద విషయం కాదు. నేను కూడా లోలోపల అనుకొన్నాను. అప్పటికే 1987 దేవాదాయ చట్టం వంశపారంపర్య అర్చకత్వపు హక్కులను రద్దు చేసింది; 1996లో సర్వోన్నత న్యాయస్థానం ఆ నిబంధనను సమర్థించింది. అర్చక కుటుంబాలకు కొంత ఊరట కలిగించే సవరణ 2007లో గాని రాలేదు. హక్కు లేదు, భూమి లేదు, ఆడపిల్ల పెళ్ళి దగ్గరపడింది. ఒక రాత్రి గర్భాలయం తలుపులు వేస్తూ, "తాతయ్యా, మాకోసం ఒక్క ఎకరమైనా ఉంచవలసింది గదా" అని పైకే అన్నాను. ఏ దేవుడికి రోజూ దీపం పెడుతున్నానో ఆ దేవుడిమీదనే ఆనాడు నాకు అసూయ కలిగింది. ఈ సంచిక చదివేవారిలో నన్ను గురువుగా భావించేవారున్నారు. వారికి ఈ మాట తెలియాలి.

శార్వరిలో పుట్టిన నాకు 2020లో తిరిగి శార్వరి వచ్చింది. మహమ్మారి కారణంగా సరిగ్గా ఆ ఉగాదినాడే దేశమంతా తలుపులు మూసుకొన్నది. జూన్ 8 వరకు భక్తులకు దర్శనం లేదు. ఆలయంలో నేను, స్వామి తప్ప మరెవ్వరూ లేరు. ఆ ఏకాంతంలో తాతగారి పెట్టె తెరిచి పంచాంగాలన్నీ ఒక వరుసన చదివాను. ఆయన వదులుకొన్నదాని గురించి ఒక్క అంచున కూడా ఒక్క మాట లేదు. లేమి గురించి ఉన్నది, మరణం గురించి ఉన్నది. పశ్చాత్తాపం మాత్రం లేదు.

తరువాత జీర్ణోద్ధరణ తలపెట్టినప్పుడు ప్రాకారం హద్దు గురించి ప్రశ్న వచ్చింది. పంచాంగపు అంచు సాక్ష్యం కాజాలదు. కాని ఏ సంవత్సరపు కాగితం వెతకాలో అది చెప్పింది. జయనామ సంవత్సరం అనగానే 1954–55 పహాణీ నకలు తీయించాము. పట్టాదారు గడిలో మా ఇంటిపేరు లేదు. స్వామివారి పేరు ఉన్నది. హద్దు తేలిపోయింది. నేడు మీరు ప్రదక్షిణ చేస్తున్న ప్రాకారం, పిల్లలు ఆడుకొంటున్న వేపచెట్టు నీడ, అన్నదానం జరుగుతున్న మంటపం ఆ గడిలోని పేరు వలన నిలిచినవి. అది మా పేరై ఉంటే ఏనాడో భాగాలుగా పంచుకొని, అమ్ముకొని ఉండేవారము. ఆ విషయంలో నాకు ఎటువంటి సందేహమూ లేదు.

విన్నపం

ఇప్పుడు మన ఊరు ఎంతో మారింది. 2016లో మేడ్చల్ జిల్లాలో బాచుపల్లి వేరే మండలమైంది. గోదావరి తీరంనుండి, కృష్ణాతీరంనుండి, ఇతర రాష్ట్రాలనుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన మీ అందరి ద్రవ్యంతో ఈ గోపురం లేచింది. దాతల నామఫలకం మంటపం గోడకు అమరుతుంది. అది న్యాయమే. మీలో చాలామంది తాతయ్యలు, నాయనమ్మలు తమ ఊళ్ళలో ఇటువంటి ఏదో ఒక గుడికి నీళ్ళు మోసినవారు, దీపం పెట్టినవారు, దారంతో పూలు కట్టినవారు అయి ఉంటారు. వారి పేర్లు ఏ ఫలకంమీదా లేవు.

అందుచేత నా విన్నపం ఒక్కటే. ఈ సంచికను ఇంటికి తీసుకొని వెళ్ళినప్పుడు చివరి పుటలో మిగిలిన ఖాళీ జాగాలో మీ తాతగారి, నాయనమ్మగారి, అమ్మమ్మగారి పేర్లు, వారి ఊరు, వారిని గురించి మీకు తెలిసిన ఒక్క సంగతి వ్రాయండి. పెద్దవారు ఇంట ఉంటే ఈ రోజే అడగండి. వారు సంవత్సరం చెప్పలేకపోతే వరద చెప్తారు, కరువు చెప్తారు, పెళ్ళి చెప్తారు, అది చాలు. పేరు లేకుండా పోయిన పసివారుంటే వారిని కూడా ఒక మాటతో వ్రాయండి. మూడు తరాల తరువాత మంత్రం వదిలిపెట్టినప్పుడు ఆ పుట పట్టుకొంటుంది.

బాపమ్మ దుర్మతినామ సంవత్సరంలో, 1981లో కన్నుమూసింది. ఆమె దేవుడి కుండ ఏనాడో పగిలిపోయింది. కాని ఆ కుండలోని ఇత్తడి సోల మా ఇంట భద్రంగా ఉన్నది. కుంభాభిషేకం నాటి ఉదయం కొత్త వంటశాలలో మొదటి నివేదనకు బియ్యం ఆ సోలతోనే కొలుస్తాము. ఆ కొలిచిన బియ్యంలో మా ఇంటిది ఒక్క గింజ కూడా ఉండదు. స్వామివారిది ఒక్క గింజ కూడా మా ఇంటికి రాదు. నివేదన అయిన తరువాత మాత్రం అందరమూ ఒకే పంక్తిలో కూర్చుందాము.

సర్వేజనులకు ఆయురారోగ్య ఐశ్వర్యాభివృద్ధిరస్తు.

స్వస్తి.